వలలో మా ఇంటి ముక్క

మొన్న పావురాల బెడద పడలేక సిద్ధగోరాలోని మా ఇంటి బాల్కనీకి నైలాను వల కట్టించాను. పదేళ్ళదాకా దీనికేమీ కాదని కట్టినతను హిందీలో హామీ ఇచ్చి వెళ్ళాడు. అతనలా వెళ్ళగానే నా రెండు వేళ్ళు వాటంతటవే వల కన్నులోకి దూరి వెడల్పు కొలిచాయి. ఇది మా నాయనమ్మ నేర్పిన అలవాటు, ఆమెకి మా తాత నేర్పింది.

తాతని నేను చూడలేదు. నాకు తెలిసిన తాతంతా నాయనమ్మ నోట విన్న తాతే, కాబట్టి కథ కాస్త అటూ ఇటూ అయితే ఆ పాపం ఆమెదే. శ్రీకాకుళం వైపు సముద్రతీరం నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చాడాయన. అంతకుముందే ఆయన తండ్రి తెప్పమీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి ఊరు కదలనంది. వాళ్ళ ఊళ్ళో ఒడ్డునుంచి లాగే పెద్దవల ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఇంటికో ముక్క అల్లి తెస్తే, అన్నీ కలిపి కుట్టి ఒకే వల చేసేవారు. ముక్క ఉన్న ఇంటికల్లా చేపల్లో వాటా. తెప్ప ఎక్కే మగవాడు ఆ ఇంట్లో లేకపోయినా సరే. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఇంత గొప్ప ఏర్పాటు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. చిక్కల్లా ఒకటే, నూలు వల ఉప్పునీటికి ఏడాది తిరిగేసరికి చివికిపోతుంది. ముక్క పోతే వాటా పోతుంది. తల్లికేమో చూపు ఆనదు.

అంచేత తాత ఇక్కడి సాక్చి బజార్లో నూలు కొని తెచ్చి, డ్యూటీ దిగాక గుమ్మంలో కూర్చుని వెదురు కండెతో వల అల్లేవాడు. ఊరి పక్క సువర్ణరేఖ నదిలో ఏం చేపలు పడ్డాయని ఇరుగుపొరుగు అడుగుతుంటే నాయనమ్మకి తల కొట్టేసినట్టుండేదట. అల్లిన ముక్కని ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు తల్లి ఎండుచేపల మూట పంపేది. రైలుపెట్టెలో జనమంతా ముక్కు మూసుకున్న ఆ వాసనే తాతకి క్షేమసమాచారం. వాటా అందుతోంది, అమ్మ తింటోంది.

ఒక ఏడు ఊరెళ్ళిన మనిషి ఉత్తచేతులతో వచ్చాడు. అతను నోరు విప్పకముందే తాతకి తెలిసిపోయింది. మైల తీరాక తాత మళ్ళీ కండె పట్టుకోవడం చూసి నాయనమ్మ ఉండబట్టలేక అడిగిందట.

"అత్త పోనాది గదా. ఇంకెవులికి అల్లతన్నావు?"

"సంద్రానికెల్లి తిరిగి రానోడు మా అయ్యొక్కడేనేటి? ఈ ఏడు ఎవులింట్లో మగోడు లేడో, ఆ ఇంటి పేరున కట్టమంతాను."

మరుసటి ఏడు మళ్ళీ ఎండుచేపల మూట వచ్చింది. పంపినామె ఎవరో తాతకీ తెలియదు, నాయనమ్మకీ తెలియదు. ఇంటిల్లిపాదీ ఆ పులుసు కళ్ళనీళ్ళతో తిన్నారట. తాత చెయ్యి ఆడినన్నాళ్ళూ వల అల్లడం మానలేదు, మూట రావడమూ మానలేదు.

ఇప్పుడు బాల్కనీలో కూర్చున్నప్పుడల్లా ఆ కొత్త వల వంక చూస్తుంటాను. ఇది పదేళ్ళు చెక్కుచెదరదు, కాబట్టి పదేళ్ళూ దీని సంగతి ఎవరికీ పట్టదు. తాత వల ఏటేటా చివికిపోయేది గనకే, ఏటేటా ఎవరో ఒకరి ఇల్లు ఆయనకి గుర్తుకొచ్చేది.