చేపల పెట్టెలో వచ్చిన అంతరిక్ష తుపాకి

ఆ పెట్టె గుమ్మం దాటకముందే దాని కంపు వంటింటి దాకా వచ్చేసింది. గ్రేసమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని హాల్లోకి పరుగెత్తుకొచ్చేసరికి, మండవల్లి తాతాజీ తన చేపల లారీలోంచి దింపిన థర్మోకోల్ పెట్టెని, నీళ్ళోడుతుండగానే, ఆవిడ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద పెట్టేశాడు.

"ఛీ ఛీ! ఏంటన్నయ్యగారూ ఇది? మేము చేపలు చెప్పలేదే!"

"చేపలు కాదు చెల్లెమ్మా, మీ ఆయన తుపాకి," అన్నాడు తాతాజీ నవ్వుతూ. ఆయన గ్రేసమ్మ భర్త నిత్యానందంతో కలిసి చదువుకున్నవాడు. కొల్లేటి చేపల్ని ఐసులో పెట్టి కలకత్తా పంపిస్తుంటాడు. "లారీ ఖాళీగా వస్తోంది కదా అని అందులో వేయించాను. పగలకుండా ఉంటుందని మా డ్రైవరు ఐసు పెట్టెలో పెట్టాడు. కొంచెం వాసన ఉంటుందంతే."

కొంచెమట! నాలుగు రోజుల కిందటి బొచ్చె చేప నెత్తుటి నీళ్ళు మూలమూలలా పట్టేసి ఉన్నాయి. ఆ పెట్టె మూత తీస్తున్న నిత్యానందం ముఖంలో మాత్రం పెళ్ళికొడుక్కి కూడా ఉండని వెలుగు.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి. తాడేపల్లిగూడెం గూడ్సు షెడ్డులో గుమస్తా. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని తిరిగే పెద్దమనిషి. అలాంటివాడు బొమ్మ తుపాకి తెప్పించుకుంటే ఏ ఆడదానికి ఒళ్ళు మండదు చెప్పండి? ఏలూరులో చదువుకునే రోజుల్లో ఏదో ఇంగ్లీషు సినిమా చూశాట్ట. అందులో ఆకాశనౌక కెప్టెను చేతిలో ఉండే, వెలుతురు కక్కే తుపాకి ఈయన మనసులో ఉండిపోయిందట. ముప్ఫై ఏళ్ళ తర్వాత, అంటే ఆ రెండువేల ఏడులో, గూడెం నెట్ సెంటర్లో కూర్చుని ఏదో నొక్కుతుంటే కలకత్తాలో ఒకడు దాని ముక్కలు అమ్ముతున్నట్టు కనబడింది. అదీ తయారైన తుపాకి కాదండోయ్! వట్టి ముక్కలు. రెజిన్ అనే ఒకరకం గట్టి ప్లాస్టిక్కుతో పోతపోసిన గొట్టం, పిడి, రెక్కలు, మీటలు. కొన్నవాడే వాటిని అరగదీసుకుని, అతికించుకుని, లప్పం పెట్టుకుని, రంగులేసుకోవాలి.

"డబ్బిచ్చి పని కూడా కొనుక్కున్నారన్నమాట. ఛీ!" అంది గ్రేసమ్మ.

గ్రేసమ్మ ఛీ గురించి ఆ వీధిలో అందరికీ తెలుసు. పాలవాడి చెంబు చూసి ఛీ. పక్కింటి పనసతొనల జిగురు చూసి ఛీ. బస్సులో పక్కన కూర్చున్నవాడు నోరు తెరిచి ఆవలిస్తే ఛీ. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. అక్కడ చీము, నెత్తురు, కుళ్ళిన వేళ్ళు ఏం చూసినా ముఖం చిట్లించి ఎరగదు. డ్యూటీలో దాచుకున్నదంతా ఇంటికొచ్చాక కక్కేది.

నిజం చెప్పాలంటే ఆవిడ రోత తుపాకి మీద కాదు, మొగుడి మీద. ఆంధ్రుల ఆరంభశూరత్వానికి ఎక్కడైనా విగ్రహం పెడితే దానికి నిత్యానందం ముఖమే పెట్టాలి. నైలాను వైరుతో కుర్చీ అల్లడం మొదలెట్టాడు, వీపు దాకా వచ్చి ఆపేశాడు. హార్మోనియం కొన్నాడు, ఇప్పుడు దాని మీద ఇస్త్రీ బట్టలుంటాయి. పుట్టగొడుగులు పెంచుతానని వెనక గదినిండా తడిగడ్డి పరిచాడు. పుట్టగొడుగులు రాలేదు గానీ పురుగులొచ్చాయి. ఆ ఇంట్లో ఎటు తిరిగినా ఏదో ఒక సగం వస్తువు కాలికి తగిలేది. "ఈ మనిషి చేత్తో ఒక్కటంటే ఒక్కటి పూర్తవగా చూడాలని ఉందమ్మా, తర్వాత ప్రభువు నన్ను పిలుచుకున్నా సరే," అనేది గ్రేసమ్మ ఎదురింటావిడతో.

అందుకే తుపాకిని ఎంత అసహ్యించుకుందో, అది పూర్తవ్వాలని అంత కోరుకుంది. ఆ మాట పైకి చెప్పలేదు.

ముందు ఆ కంపు వదలాలి. మర్నాడు ఆయన షెడ్డుకి వెళ్ళగానే ముక్కలన్నీ పెరట్లో గోలెం దగ్గర పోసి, ఆవిడకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో కడిగింది. చేపని ఎలా కడుగుతామో అలాగే. కళ్ళుప్పు వేసి రుద్ది, నిమ్మచెక్క పెట్టి తోమి, సబ్బు నీళ్ళలో ముంచి, మళ్ళీ ఉప్పు. వేళ్ళకి ఏదో నూనె జిడ్డు తగిలింది. "ఛీ, చేప కొవ్వు," అనుకుని ఇంకో రెండుసార్లు తోమింది. తర్వాత డాబా ఎక్కి, రేకు మీద పరిచి, మే నెల ఎండలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

సాయంత్రం నిత్యానందం డాబా ఎక్కి ఒక్క కేక పెట్టాడు. గొట్టం మునక్కాడలా వంగిపోయింది.

అది తన నిర్వాకమేనని గ్రేసమ్మకి తెలుసు. అయినా నోరు ఊరుకుంటుందా? "ఎండకే వంగిపోయేది అదేం తుపాకండీ, ఛీ! యుద్ధానికెళ్ళేవాళ్ళు గొడుగేసుకుని వెళ్ళాలా?"

ఆయన వంగి ముక్కలన్నీ ఏరుకున్నాడు. అన్నం తిన్నాక, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు టీవీలు చూస్తుంటే, మిగతా ముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. కొత్తచేతి పని చూసితీరాలి. పిడి రెండు చెక్కలూ అతికించబోయి బొటనవేలూ చూపుడువేలూ అతికించుకున్నాడు. గరుకు కాగితంతో రుద్దితే లేచిన తెల్లటి దుమ్ము పప్పుగిన్నె మీద పడింది. లప్పం ముద్ద దుప్పటికి అంటుకుని గట్టిపడిపోయింది. గ్రేసమ్మ ఆ దుప్పటిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని వీధి అరుగు మీదికి విసిరేసింది.

వారం తిరక్కుండా అన్నీ పెట్టెలో సర్దేసి మంచం కిందకి తోసేశాడు.

"అయిపోయిందా?" అంది గ్రేసమ్మ.

"గొట్టం వంగిపోయింది కదా. పోనియ్యి."

అంతే, ఆవిడకి తిక్క రేగింది. వంగి, మంచం కిందనుంచి పెట్టె లాగి, బల్ల మీద దభీమని పెట్టింది.

"ఛీ! మీ బతుకంతా సగమేనండీ! సగం కుర్చీ, సగం పాట, సగం తుపాకి. సగం మనిషితో కాపురం చేస్తున్నట్టుంది నాకు!"

నిత్యానందం కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పూర్తి చేస్తే ఏం చేస్తావు గ్రేసూ?" అని అడిగాడు.

"ఏం చేస్తానేంటి?"

"చూసి ఛీ అంటావు. సగంలో ఉన్నదాన్నయితే ఇంకా అవలేదు కదా అని చెప్పుకోవచ్చు. పూర్తయినదాన్ని ఏమని చెప్పుకోను? హార్మోనియం మీద ఒక కీర్తన మొదటినించి చివరిదాకా వాయించాను, పెళ్ళయిన కొత్తలో. ఛీ, ఆపండి, కుక్కలేడుస్తున్నాయి అన్నావు. నీకు గుర్తుండదులే."

గ్రేసమ్మకి నిజంగానే గుర్తులేదు.

"ఆసుపత్రికి వచ్చినవాళ్ళని ఎప్పుడైనా ఛీ అన్నావా?" అని, జవాబు కోసం చూడకుండా, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు డ్యూటీలో ఉంగుటూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకి కాలు కట్టు విప్పాల్సి వచ్చింది. షుగరు పుండు. గుడ్డ ఊడదీస్తుంటే వచ్చిన వాసనకి పక్క మంచాలవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. గ్రేసమ్మ మాత్రం మామూలుగా వంగి, "ఏం లేదు మామ్మగారూ, చక్కగా మానుతోంది, భయపడకండి," అంది. ఆ మెత్తటి గొంతు తన చెవిన తనకే పడింది. చేతిలో దూది అలాగే ఆగిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కుళ్ళుకి ఇంత తీపి మాట, కట్టుకున్నవాడి పాటకి ఛీ! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు సంగతి సరే, ఇల్లు? ఆ పూట గ్రేసమ్మకి తన నోటిని చూస్తే పుండు కన్నా రోతగా అనిపించింది.

ఇంటికెళ్ళి, స్నానమైనా చేయకుండా, అన్నం వండే గిన్నెలో నీళ్ళు మరగబెట్టింది. అవును, అన్నం వండే గిన్నెలోనే. అందులోకి వంగిన గొట్టాన్ని వేసింది. "ఎండకి వంగింది వేడికి లేవదా? రండి, పట్టుకోండి!" అని పిలిచింది.

నిత్యానందం గుడ్లు తేలేసి చూశాడు. పట్టకారుతో గొట్టం బయటికి తీసి, తడిగుడ్డలో చుట్టి, చెరో కొసా పట్టుకుని మెల్లగా లాగారు. చన్నీళ్ళలో ముంచేసరికి చాలావరకు తిన్నగా అయింది. ఎడమవైపుకి కాస్త వాలింది గానీ, అంతకన్నా రాలేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ కూర్చున్నాడు. రంగు వేసే రోజున ఇంకో సంగతి బయటపడింది. ఆవిడ కడిగిన ముక్కలన్నిటికీ రంగు పట్టింది. కడుగుతున్నప్పుడు పెట్టెలోనే ఉండిపోయిన చిన్న మీటకి మాత్రం పొరలా ఊడొచ్చేసింది. పోతపోసినప్పుడు అచ్చుకి అంటుకోకుండా పూసిన నూనెని సబ్బుతో కడగాలని పెట్టెలోని కాగితంలోనే ఉందట, ఈయన చదివితేగా!

"నీ ఛీ కూడా ఒక్కోసారి పనికొస్తుంది," అన్నాడు. గ్రేసమ్మ మీటని తీసుకెళ్ళి ఉప్పూ సబ్బూ పెట్టి తోమి తెచ్చిచ్చింది.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నిత్యానందం పైన కప్పిన తువ్వాలు తీసి తుపాకిని ఆవిడ చేతుల్లో పెట్టాడు.

ఎంత ఘోరంగా ఉందంటే, చెప్పడానికే సిగ్గేస్తుంది. వెండిరంగు చెమట కారినట్టు కారి గడ్డకట్టింది. అతుకు మీద లప్పం సెగగడ్డలా ఉబ్బింది. పిడి మీద ఆయన వేలిముద్ర, దాని పక్కన ఆయన మీసంలోదో ఏమో ఒక నెరిసిన వెంట్రుక, రంగులో ఇరుక్కుని శాశ్వతంగా ఉండిపోయింది. ముట్టుకుంటే చేతికి జిగట. గొట్టం ఎడమకి చూస్తోంది. దేవుడి తోడు, చేపల వాసన ఇంకా పోలేదు.

గ్రేసమ్మకి ఛీ పళ్ళ దాకా వచ్చింది. తలెత్తి చూసింది. నిత్యానందం తుపాకిని చూడట్లేదు, ఆవిడ ముఖం చూస్తున్నాడు. కట్టు విప్పుతుంటే పుండు వైపు చూడకుండా నర్సు ముఖమే చూస్తారే, అలా.

"బాగానే ఉందండీ," అంది మెత్తగా. "చక్కగా..."

"ఆసుపత్రి మాట నాకు చెప్పకు గ్రేసూ. నేను రోగిని కాదు. ఉన్నది చెప్పు."

ఆవిడకి ఏడుపూ నవ్వూ రెండూ ముంచుకొచ్చాయి.

"దరిద్రంగా ఉందండీ!" అంది. "నా జన్మలో ఇంత దరిద్రం చూడలేదు. కానీ అయింది. పూర్తిగా అయింది."

"అయింది," అన్నాడాయన. అది తన నోటివెంట రావడం ఆయనకే నమ్మకంగా లేదు. తువ్వాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మంచం కింద పెట్టేదా?" అన్నాడు.

"మంచం కిందేంటండీ? హాల్లో పెట్టండి, గుమ్మానికి ఎదురుగా. వచ్చినవాళ్ళంతా ఎవరు చేశారీ దరిద్రం అని అడుగుతారు కదా. మా ఆయనేనని చెప్పుకోవాలి నేను."