ఖైతాన్‌లో బొమ్మలాడించిన అక్క

పోయిన శుక్రవారం జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పటి మా పక్క ఫ్లాటు అక్క చనిపోయిందని ఆమె కూతురు చెప్పింది. "నిద్రలోనే, ప్రశాంతంగా పోయింది" అంది. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బతికుండగా ఆమెను ప్రశాంతంగా ఉండనిచ్చిందెవరు?

అక్కది ఉక్రెయిన్. అక్కడికి ఇంజనీరింగు చదవడానికి వచ్చిన పాలస్తీనా అతన్ని పెళ్లాడి కువైట్ వచ్చింది. నేను రాయచోటి నుంచి కువైట్‌లోనే సల్వాలో ఒక ఇంటికి పనికి వచ్చినదాన్ని. తొంభైలో ఇరాక్ సైన్యం దిగగానే నన్ను పనికి పిలిపించిన యజమాని, మా కఫీల్ కుటుంబం కార్లెక్కి సౌదీ వెళ్లిపోయింది. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మేము మామా అని పిలిచే ఇంటావిడ నాకొక్క మాటైనా చెప్పలేదు. ఖైతాన్‌లో డ్రైవరుగా ఉన్న మా అన్న ఫ్లాటుకు నడిచి చేరాను.

ఆ బిల్డింగులో తెలుగు పిల్లలు ఏడుగురు. తుపాకులు మోగితే మంచాల కిందికి దూరేవాళ్లు. వాళ్ల కోసం అక్క పాత మేజోళ్లతో ఎలుక, కప్ప, నక్క, తోడేలు బొమ్మలు కుట్టింది. దుప్పటిని తెరగా కట్టింది. తన ఊరి కథను ముందుగా నాకు అరబ్బీలో చెప్పేది. ఆట మొదలయ్యాక ఆమె తన భాషలో ఒక మాట, నేను తెలుగులో ఒక మాట. ఆ కథలో ఒక తాత చేతి తొడుగు మంచులో పడిపోతుంది. చలికి వణికే జంతువులన్నీ ఒక్కొక్కటిగా అందులో దూరతాయి.

"మంచంటే ఏందత్తా?" అని మా అన్న కూతురు అడిగింది. అక్క పిల్లలందరినీ ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయి ఐసు పేరుకున్న అరలో చేతులు పెట్టించింది.

తోడేలు రాగానే పిల్లలు అరిచేవాళ్లు. "వద్దు! తావు ల్యా!"

అక్క ఒప్పుకునేది కాదు. "దానికీ చలే. జరగండి" అనేది.

ఒక మధ్యాహ్నం ఆట నడుస్తుండగానే సైనికులు తలుపు తన్ని లోపలికి వచ్చారు. టీవీ, ఫ్యాను మోసుకుపోయారు. ఒకడు తెర పీకి, ఎలుక బొమ్మను బూటుతో తొక్కాడు. అక్క లేచి వాడి ఎదురుగా నిలబడింది.

"నీకు పిల్లలున్నారా?"

వాడు తలూపాడు.

"అయితే కాలు తియ్యి."

తీశాడు. వాళ్లు పోయాక ఆమె ఎలుకను దులిపి చేతికి తొడుక్కుంది. "యల్లా, కానివ్వండి, మళ్లీ మొదటినుంచి" అంది. నేను పీకేసిన దుప్పటి పట్టుకుని అట్లే కూర్చుండిపోయాను. నా తెలుగు మాటలు కూడా ఆమే వచ్చీరానట్టుగా పలికింది.

నా కోపమంతా ఆ సైనికుల మీదే అయితే ఎప్పుడో చల్లారేది. యుద్ధం ముగిశాక, పాలస్తీనా నాయకులు ఇరాక్ వైపు నిలిచారని, పాలస్తీనా మనిషన్న ఒక్క కారణానికి, అక్క భర్తకు ఉద్యోగం లేదన్నారు, ఇఖామా, అంటే దేశంలో ఉండే అనుమతి, లేదన్నారు. ఆ ఏడు నెలలూ ఊరు విడవని మనిషిని, ఊరు విడిచిపోయి తిరిగొచ్చినవాళ్లు వెళ్లగొట్టారు. అక్క కుటుంబం అమ్మాన్ చేరింది. ఆమెను వదిలేయడంలో నేనేమన్నా తక్కువదాన్నా? ఇంటికి చేరి అక్కకు రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నాను.

ఆ ఏడు నెలల నడుమే, ఇరాక్ మీదుగా ఇండియాకు నేను బయలుదేరిన పొద్దున బస్సు డ్రైవరు నన్ను ఎక్కనివ్వలేదు. పాస్‌పోర్టు లేనిదాన్ని తీసుకుపోతే సరిహద్దులో తనను పట్టుకుంటారన్నాడు. అక్క బస్సు ముందుకు వెళ్లి, దుమ్ము కొట్టుకుపోయిన అద్దం మీద రెండు అరచేతులూ ఆనించింది.

"ఈ పిల్లను ఎక్కించుకుని పో. లేదంటే నా మీదుగా పో!"

వాడు హారను కొట్టాడు, తిట్టాడు. ఆమె కదల్లేదు. చివరికి తలుపు తెరుచుకుంది.

నాకు ముందు సీటే దొరికింది. అద్దం మీద దుమ్ములో రెండు అరచేతుల గుర్తులు మిగిలాయి. అక్కడ మాత్రమే అద్దం శుభ్రంగా ఉంది. ఇరాక్‌లోని బస్రా దాకా దారంతా నేను వాటిలోంచే చూశాను.