పెట్టె మీద నడపని పరీక్ష

పుంగనూరులో మోటార్లకు వైండింగు చేసే యాకూబ్‌కు ఒక అలవాటుండేది. పొలంలో బోరు మోటారు బాగుచెయ్యడానికి పోతే, ముందు స్టార్టరు డబ్బాలోని ఫ్యూజులన్నీ పీకి జేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వడు. రైతు పక్కనే నిలబడి ఒట్టు పెట్టినా వినడు. "నీ మీద నమ్మకం లేక కాదప్పా, కరెంటు మీద లేక" అనేవాడు.

ఆ అలవాటు మాన్పించింది ఆయన కూతురు సుమయ్యా.

మదనపల్లెలో ఇంజనీరింగు చదివి ఆమె కుప్పంలో ఒక చిన్న కంపెనీలో చేరింది. బోరు మోటారును ఫోనుతో ఆన్, ఆఫ్ చేసే పెట్టెలు వాళ్లు తయారుచేస్తారు. పెట్టెలోని ప్రోగ్రాం రస్ట్ అనే కంప్యూటరు భాషలో ఉంటుంది. అందులో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి మోటారు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో మెమరీలో రాసి, 'కొత్తది రాశాను' అని జెండా ఎత్తుతుంది. రెండోది ఆ జెండా చూసి, అక్కడున్నది ఫోనుకు పంపుతుంది. రెండూ ఒకే చోట తడబడకుండా చూసేవే అటామిక్ ఆపరేషన్లు. ముందు రాయడం, తర్వాత జెండా ఎత్తడం అనే వరస ఎంత గట్టిగా ఉండాలో వాటికి మనమే చెప్పాలి. వరస తప్పితే, ఎంగిలి విస్తరి తియ్యకముందే ఇంకొకరిని పంక్తిలో కూర్చోబెట్టినట్టే. ఇవి సరిగా ఉన్నాయో లేదో పరీక్షించడం సుమయ్యా ఉద్యోగం.

జెండా దగ్గర 'రిలాక్స్‌డ్' అనే మాట ఉంది. అంటే వరస పట్టింపు లేదని. ఆమె చూసింది కూడా. పరీక్ష లాప్‌టాప్ మీద నడిపితే ఎన్నిసార్లయినా పాసే. లాప్‌టాప్ చిప్పు ఆ వరసను తానే కాపాడుతుంది, పెట్టెలోని చిప్పుకు ఆ బుద్ధి లేదు. పెట్టె మీద నడుపుదామంటే చేతిలో ఒక్కటీ మిగల్లేదు, అన్నీ రైతులకు పోయాయి. సరేలే అనుకుంది. ఈ సరేలే ఉంది చూశారూ, మన కొంపలు ముంచేది అదే.

కూతురు పరీక్షించిన పెట్టె అని యాకూబ్ ఊరంతా చెప్పుకున్నాడు. "ఫోన్లో ఆఫ్ అంటే ఆఫే అబ్బాజాన్" అని ఆమె అన్నాక, ఫ్యూజులు పీకడం ఆయనకే నామోషీ అనిపించింది.

వేసవిలో తంబళ్లపల్లె దగ్గర చెంగయ్య అనే రైతు పొలంలో నీళ్లు రాని బోరు చూడబోయాడు. అక్కడా కూతురి కంపెనీ పెట్టే ఉంది. చెంగయ్య ఫోను తీసుకుని ఆఫ్ చేశాడు. ఇంతలో కరెంటు పోయి వచ్చింది. కరెంటు రాగానే మోటారు వేసే ఏర్పాటు ఉన్న పెట్టె, దానంతటదే ఆన్ చేసింది. ఫోనులో మాత్రం పాత ఆఫే ఉండిపోయింది. యాకూబ్ మరోసారి ఫోను చూసుకుని కేబుల్ జాయింటు పట్టుకున్నాడు. చెంగయ్య కట్టెతో కొట్టి విడిపించేసరికి ప్రాణం లేదు.

"పెద్దాయన ఫ్యూజులు పీకలేదు, మనమేం చేసేది?" అన్నాడు కంపెనీ మేనేజరు కిరణ్. జనాజాకు వచ్చినవాళ్లదీ అదే మాట. యాకూబ్ భార్య లాల్ బీ, "ఇన్నేండ్లు జాగర్తగా ఉండిన మనిషి, ఆ పొద్దు యాల మర్సిపోయినాడో" అని ఏడ్చింది. ఆ మాట సుమయ్యా తట్టుకోలేకపోయింది. మర్చిపోయే మనిషి కాదాయన.

కుప్పం పోయి, ఒక పెట్టె తెప్పించుకుని, తన పాత పరీక్షనే దాని మీద నడిపింది. పాసు. మళ్లీ పాసు. పాసయ్యేకొద్దీ తప్పు నాన్న నెత్తిన పడుతోంది. ఫెయిలైతే తన నెత్తిన. ఫెయిల్ కావాలనే దేవుణ్ణి వేడుకుంది. అందరూ భోజనాలకు లేచే వేళకు ఫెయిలైంది. రాత కంటే జెండా ముందు లేచి, ఆన్‌లో ఉన్న మోటారును పెట్టె పాత ఆఫ్ అనే చెప్పింది. ఆమె కుర్చీలోనే కూలబడి ఏడ్చింది.

కిరణ్ 'రిలాక్స్‌డ్' తీసేసి, వరస కాపాడే మాటలు పెట్టించాడు. పరీక్ష ఇక ఫెయిల్ కాలేదు. "కొత్త ప్రోగ్రాం నిదానంగా పంపిద్దాం. పాత పెట్టెల సంగతి బయట ఎత్తొద్దమ్మా" అన్నాడు.

సుమయ్యా ఇంటికొచ్చి తల్లి ముందు కూర్చుంది.

"అబ్బాజాన్ మర్సిపోలేదు అమ్మీ. నా మాట నమ్మినాడు. తప్పు నాది."

లాల్ బీ తిట్టలేదు, కొట్టలేదు.

"ఆ పెట్టెలు ఇంగా యాడైనా ఉండాయా?"

"శానా ఊర్లలో ఉండాయి."

"మరి ఈడ కూసోని నాకు సెప్తాండావు యాల? నా ఏడుపు యాడికీ పోదు. ముందు వాళ్లకు ఫోన్ సెయ్."