బెల్లు మోగని వార్డు

ఆయా గంగమ్మ మంచినీళ్లలో మత్తుబిళ్ల కలుపుతుందని చందానగర్ నర్సింగ్ హోమ్‌లో అందరూ చెవులు కొరుక్కునేవారు. లేకపోతే ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ ఒక్క రోగీ బెల్లు నొక్కకపోవడం ఏమిటి?

మాదాపూర్ వైపు అద్దాల మేడ లేచిందని, ఆ నర్సింగ్ హోమ్ కూడా ముందు గోడ కొట్టించి అద్దాల తలుపు పెట్టించుకుంది. కంప్యూటర్ ఉద్యోగులకు జబ్బు చేస్తే ఇక్కడికే రావాలని మేనేజర్ మహేశ్ ఆశ. వారం రోజులు ట్రైనింగ్‌కు వెళ్లొచ్చి, మంచానికొక ‘కంఫర్ట్ చార్ట్’ వేలాడదీశాడు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి, పెదాలు తడపాలి, దుప్పటి ముడతలు తీయాలి, చేసినట్టు టిక్కు పెట్టాలి. సిస్టర్ వసంత మహా చురుకైన మనిషి. సాయంత్రం దాకా పెట్టాల్సిన టిక్కులన్నీ పొద్దుటి టీ చల్లారేలోపే పెట్టేసేది.

నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చే గంగమ్మకు చదువు రాదు. పనంతా కాగితం మీద అయిపోయిందని తెలియక, పాపం, నిజంగానే చేసేది.

పుకారు చెవిన పడగానే మహేశ్ ఆమెను పిలిచాడు.

“నిజం చెప్పు గంగమ్మా, ఏం తాపిస్తున్నవ్ వాళ్లకు?”

“నీళ్లే సారూ.”

“ఇయ్యాల నేనే కూసోని చూస్త. ఏమన్న దొరికిందో, రేపటిసంది రాకు.”

ఈ పని పోతే మళ్లీ సిమెంటు తట్టలు మోయాలి. గంగమ్మ మోకాళ్లు అందుకు ఎప్పుడో సెలవు చెప్పేశాయి.

పక్షవాతంతో పడి ఉన్న పట్టాభిరామయ్య మంచం పక్కనే మహేశ్ కుర్చీ వేసుకున్నాడు. గంగమ్మ ముసలాయన పెదాలకు తడిగుడ్డ అద్దింది.

“ఎటు మర్లుతవ్ పెద్దయ్యా?”

“గోడవైపు తిప్పు తల్లీ. మేనేజరు గారి మొహం ఎంతసేపని చూడను?”

ఆమె ఆయన్ని మెల్లగా తిప్పి, వీపు వెనక దిండు సర్దింది. మహేశ్ చార్ట్ అందుకుని ఉలిక్కిపడ్డాడు.

“ఆగాగు! సాయంత్రం దాకా మర్లిచ్చినట్టే రాసున్నది గద! మళ్లీ ఇదేంది?”

“కాయిదం మర్లిందేమో సారూ. పెద్దయ్య మర్లలే.”

మహేశ్ చార్ట్‌ను మళ్లీ మంచానికి తగిలించి, “రేపు కూడ రా” అన్నాడు. వార్డులో ఆ నిశ్శబ్దమంతా చార్ట్ మహిమేనని తేల్చి, సిస్టర్ వసంతకు మెచ్చుకోలు పత్రం ఇప్పించాడు.

పుకారు మాత్రం చావలేదు. మేనేజరు కూర్చున్నంతసేపూ గంగమ్మ బిళ్ల కొంగులో దాచేసిందన్నారు.

నలభై రోజులు మంచం దిగని పట్టాభిరామయ్య వీపు మీద ఒక్క పుండు లేదు.