బ్లీచింగ్‌లో నానిన కార్బురేటర్

నాకు తెలివి తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. తొందర ఎక్కువంటే మాత్రం నోరు మూసుకుంటాను. పెనుకొండ దగ్గర మా రెండెకరాల మల్బరీ తోట ఆ తొందర వల్లే పోవాల్సింది.

తోట సాళ్ల మధ్య దున్నడానికి మాకో పాత పెట్రోల్ మిషన్ ఉంది. వెనక నడుస్తూ తోలాలి. మా ఊళ్లో దాన్ని బుడ్డ ట్రాక్టర్ అంటారు. మోకాళ్లు బాగున్నంత కాలం నాయన దాని వెనక నడిచాడు, తర్వాత అది నా చేతికొచ్చింది. మొన్న శ్రావణంలో, ఆకు కోసేసి కొమ్మలు నరికిన వారానికే మంచి వాన పడింది. దున్నుదామని తాడు లాగితే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే చస్తుంది.

గట్టు మీద కూర్చున్న నాయన తేల్చేశాడు. "ఇంగ చాలమ్మా. ఈ పదునులో దున్నకుంటే గడ్డి తోటను మింగుతాది. మల్బరీ పీకేసి కౌలుకిచ్చేద్దాం. పురుగులొద్దని చెప్పేసినా."

పట్టుపురుగు పిల్లల్ని పెంచి ఇచ్చే చాకీ కేంద్రానికి నిజంగానే ఫోన్ చేసేశాడు. నాకు ఒళ్లు మండింది. దున్నడానికి సరిపడే ఆ తడి పదును నాలుగు రోజులుంటుంది, ఆలోపే దున్ని చూపిస్తానన్నాను.

తగుదునమ్మా అంటూ కార్బురేటర్ విప్పాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే ఆ పిడికెడు సామాను లోపలంతా జిగురు, మట్టి. పట్టుపురుగులు పెంచేవాళ్లకు ఒక పిచ్చి ఉంది. ఏది మురికైనా బ్లీచింగ్ నీళ్లే. పంటకూ పంటకూ మధ్య తట్టలు, గూళ్లు కట్టించే చంద్రికలు, గోడలు, చివరికి చెప్పులు కూడా వాటితో కడిగితేనే మాకు మనసు నిలుస్తుంది. కార్బురేటర్‌నూ బకెట్లో నానేశాను. మధ్యాహ్నం తీసి చూస్తే అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు. లోపలి ఇత్తడి జెట్ నల్లబడి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రం పూడిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మర్నాడు హిందూపురంలో మెకానిక్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నేను చేసింది చెప్పాను.

"ఏమ్మా, దీనికీ పురుగుల జబ్బు తగులుతాదనుకున్యావా?"

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, తప్పుతుందా. పొక్కులు గీకి, స్ప్రే కొట్టి, కార్బురేటర్ లోపల వేసే కొత్త సూది, వాషర్లు ఇచ్చాడు. జెట్ మాత్రం ఈ పాత మోడల్‌కు దొరకదట. స్ప్రే కొట్టాక రంధ్రంలో సూదిమొనంత వెలుతురు కనిపించింది.

"తీగ మాత్రం దూర్చొద్దు. బొక్క పెద్దదైతే పెట్రోలు తాగతానే ఉంటాది," అన్నాడు.

తీగ కాకపోతే మరేం దూర్చాలి? దారిలో ఆలోచన తట్టింది. మూడో రోజు ధర్మవరం బస్సెక్కాను. అక్కడ మా చిన్నమ్మ పట్టుచీరలు నేస్తుంది. తెగిన పోగును సన్న సందుల్లోంచి దూర్చడం ఆమెకు రోజూ ఉండే పని. జెట్‌ను వెలుతురుకు పట్టి చూసి, పట్టుపోగు కొసకు మైనం రాసి, పురి పెట్టి దూర్చింది. పెట్రోలు చుక్కలేస్తూ ఇద్దరం చెరో కొసా పట్టి అటూ ఇటూ లాగాం. మూడు పోగులు నల్లగా వచ్చాయి. నాలుగోది తెల్లగా వచ్చింది.

"ఇంగ పోయి బిగించుకో. మళ్లీ కడగొద్దు తల్లీ," అంది చిన్నమ్మ.

నాలుగో రోజు పొద్దున బిగించాను. నాయన గట్టు మీదే ఉన్నాడు. మూడోసారి తాడు లాగేసరికి ఇంజన్ అందుకుంది. భయపడుతూ చోక్ తీశాను. ఆగలేదు. మట్టి ఇంకా తడిగానే ఉంది, గుంటకలు సాఫీగా దిగాయి. రెండో సాలు చివర మళ్లుతుంటే నాయన చెవి దగ్గర ఫోన్ కనిపించింది. మోతకు గొంతు పెంచి అరుస్తున్నాడు.

"తోట యాడికీ పోలేదప్పా, ఈడనే ఉండాది! మాకు రాసిన పురుగులు మాకే పంపు!"

నాకు ఏడుపొచ్చింది. మిషన్ మాత్రం ఆపలేదు.