నైరుతి మూల నుంచి నలభై రెండు అంగలు

ఆళ్ళగడ్డ వైపు ఒక మండలానికి నన్ను సహాయ గణాంక అధికారిగా వేసింది నా రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్ళు ఉన్నాయనగా, దీపావళి వెళ్ళిన వారానికి. ఇల్లు నంద్యాలలో. పొద్దున ఏడింటి బస్సుకు పోయి, సాయంత్రం దొరికిన బస్సుకు వచ్చేవాణ్ణి. సహాయ గణాంక అధికారి అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ అడుగుతారు. వాన ఎంత పడింది, ఏ పైరు ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎకరాకు ఎంత పండింది అన్నవి రాసి పైకి పంపేవాడు. తహసీల్దారులాగా జీపు ఉండదు, ఎస్సైని చూస్తే ఉండే భయం మమ్మల్ని చూస్తే ఉండదు. పెళ్ళికి పోతే ముందు వరసలో కుర్చీ కూడా వెయ్యరు. కానీ మాఘమాసంలో, శనగ కోతలు జరిగే పదిహేను రోజులు మాత్రం ఊరంతా మా వెంటే తిరుగుతుంది.

ఎందుకంటే, పైరుకు బీమా కట్టిన రైతుకు పరిహారం రావాలంటే అతని ఒక్కడి చేను ఎండితే చాలదు. ఊరి సగటు దిగుబడి ముందే పెట్టిన ఒక గీత కిందికి పడాలి. ఆ సగటు తేల్చడానికి ఊరికి నాలుగు చేలు ఎంచి పంటకోత ప్రయోగం చేస్తాం. ఏ సర్వే నెంబరులో చెయ్యాలో పైనుంచి వస్తుంది. చేలోకి పోయి నైరుతి మూలలో నిలబడాలి. పట్టికలో ఇచ్చిన అంకె ప్రకారం నిలువుగా ఇన్ని అంగలు, అడ్డంగా ఇన్ని అంగలు నడిచి, ఆగిన చోట మేకు కొట్టాలి. అక్కడి నుంచి ఐదు మీటర్ల నిలువు, ఐదు మీటర్ల అడ్డం తాడు పట్టి, తాడు లోపలి పైరు కోసి, కొట్టి, తూకం వెయ్యాలి. మేకు పడిన చోట విరగపండినా అదే లెక్క, ఎండిపోయినా అదే లెక్క. జరపకూడదు. ఇప్పుడు నా ఏడేళ్ళ మనుమరాలు పాములపటం ఆడుతూ, గవ్వలు సరిగ్గా పడలేదు, మళ్ళీ వేస్తానంటుంది. చస్తే వెయ్యనివ్వను. అది నాకు మొండి తాత అని పేరు పెట్టింది. అంతకు ముందే ఒక ఊరు ఊరంతా అలాంటి పేరే పెట్టిందని దానికి తెలియదు.

ఆ ఏడు కార్తీకంలో వాన మొహం చాటేసింది. శనగ జానెడు కూడా లేవలేదు. ఆ ఊళ్ళో మొదటి మూడు ప్రయోగాలు చేసినప్పుడు తూకం విత్తనాల ఖర్చుకు కూడా చాలేలా లేదు. బీమా కంపెనీ మనిషి పక్కన ఉండి సంతకం పెట్టాలి. మూడుసార్లూ కబురు చేశాను, రాలేదు. రాలేదని రాసి, ఊరివాళ్ళ సంతకాలతో పని ముగించాను. ఊరి పెద్దరైతు సుబ్బరాయుడు ఆ మూడు రోజులూ తన ఇంటి నుంచే నాకు సంగటి పంపాడు.

నాలుగోది హుసేనమ్మ చేనుకు వచ్చింది. హుసేనమ్మ మొగుడు పోయాక రెండెకరాలూ తానే చేసుకునే మనిషి. ఆ చేనుకు ఒక పక్క కేసీ కాలువ ఊట తగులుతుంది. అక్కడ ఒక మడి మాత్రం పచ్చగా కాయ పట్టి ఉంది, తక్కినదంతా ఊరందరి చేలలాగే ఎండింది. పట్టికలో నా అంకెలు నిలువు నలభై రెండు, అడ్డం పదిహేడు. ముప్పై అంగలు నడిచేసరికే ఎక్కడ తేలుతానో అర్థమైంది. మేకు సరిగ్గా ఆ పచ్చని మడి నడుమ పడింది.

గట్టు మీద జనం గొల్లుమన్నారు. నాలుగింటిలో ఒకటి అంత ఎక్కువ వస్తే సగటు గీత దాటొచ్చు. దాటితే ఊరు మొత్తానికి చిల్లిగవ్వ రాదు. ఆ గీత ఎక్కడుందో మాకు చెప్పరు. కాబట్టి ఆ మేకు ఊరిని ముంచుతుందో లేదో నాకూ తెలియదు.

సుబ్బరాయుడు దగ్గరికి వచ్చి మెల్లగానే అడిగాడు. “సార్, పదంగలు ఇట్ల జరుగు. ఆడ ఎండిందీ ఈమె చేనే కదా. నువ్వేమన్నా అబద్ధం రాస్తాండావా?”

న్యాయంగానే ఉంది అతని మాట. జాలి వేసింది, చుట్టూ ఉన్న మందిని చూసి భయమూ వేసింది. కుదరదన్నాను. అంతే, గొంతులు లేచాయి. “ఇంతమంది నోట్లో మన్ను కొట్టి నువ్వేం మూట కట్టుకపోతావప్పా?” అని ఒకాయన తువ్వాలు విసిరి కొట్టాడు. నేను మేకు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నన్ను ఎత్తి అవతల పడేసి మేకు పీక్కోవచ్చు, నా చేత్తో మాత్రం జరపనన్నాను.

కోపం గట్టు మీదున్న హుసేనమ్మ మీదికి తిరిగింది. నీ చేను వల్లే ఊరు మునుగుతాందని ఎవరో అన్నారు. హుసేనమ్మ కొంగు బిగించింది. “నా చేను పచ్చగుండేది గూడా తప్పేనా? నేనేమన్నా దొంగనీళ్ళు పెట్టుకున్న్యానా? సార్, యాడ పడింటే ఆడ్నే కొయ్యి.”

కూలీలు ఒక్కరూ దిగలేదు. ఆమే ఇంటికి పోయి రెండు కొడవళ్ళు తెచ్చింది. ఆమె, నేను కోశాం. టార్పాలిన్ మీద ఆరబెట్టి, కట్టెలతో కొట్టి, చేటతో చెరిగి, మిట్టమధ్యాహ్నం దాటాక కాటాకు తగిలించాం. ఆ రోజు సంగటి రాలేదు, మంచినీళ్ళు హుసేనమ్మే ఇచ్చింది. కంపెనీ మనిషి మాత్రం ఆ రోజు తూకం వేళకు తప్పకుండా వచ్చాడు. ఫోటోలు తీసుకుని, సంతోషంగా సంతకం పెట్టి పోయాడు.

పది రోజులకు నంద్యాల ఆఫీసుకు రమ్మని పిలుపు వచ్చింది. నా పై అధికారి బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ఊరివాళ్ళ అర్జీ. ఎంత బతిమాలినా ఈ అధికారి ఒక్క అంగ కూడా జరగలేదు, రాతిగుండె మనిషి, ఇతన్ని బదిలీ చెయ్యండి అని. మొదటి సంతకం సుబ్బరాయుడిదే. రెండోది కంపెనీ ఉత్తరం. నాలుగో చేనులో అంత పండింది కాబట్టి, మొదటి మూడూ రైతులతో కుమ్మక్కై ఎండిన చోట్ల చేసినవే, వాటిని రద్దు చేసి మళ్ళీ చేయించండి అని.

అధికారి నాకు దారి చూపించాడు. మొదటి మూడూ అనుమానాస్పదమని ఒక ముక్క రాసిస్తే, ఊరివాళ్ళ అర్జీని ఆయన మూసేస్తాడట. పెన్ను కూడా నా వైపు జరిపాడు.

నా ఒళ్ళు మండింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవమన్నాను. ఒకటి నేను రైతుల మాట విన్నానంటోంది, ఇంకొకటి ఎంత ఏడ్చినా వినలేదంటోంది. ఊరంతా కలిసి నన్ను తిడుతూ సంతకాలు పెట్టింది. కుమ్మక్కైన మనిషిని ఎవరైనా అలా తిడతారా అని అడిగాను. ఆ అర్జీని మూసేయొద్దు, మూడు ప్రయోగాల ఫైలుకు జత చెయ్యండి, నేనే రాసిస్తాను అని అక్కడే నిలబడి రాసి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మర్యాద తప్పి మాట్లాడానని నాకు మెమో ఇచ్చారు. నిజమే, గొంతు పెంచాను. ఆ కాగితం ఫైల్లోకి పోయి, ముద్ర పడిన నకలు నా దగ్గర ఉన్నాక మూడు ప్రయోగాలను కొట్టెయ్యడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

వానాకాలం మొదట్లో పరిహారం వచ్చే ఊళ్ళ జాబితా వచ్చింది. నాలుగో చేను కలిపినా సగటు గీత కిందే ఉంది. ఊరి పేరు ఉంది.

ఆళ్ళగడ్డ బస్టాండులో సుబ్బరాయుడు ఎదురుపడ్డాడు. చెయ్యి పట్టుకుని టీ అంగడి దగ్గరికి లాక్కుపోయాడు. “తప్పైపోయింది సార్. ఆ అర్జీ వాపసు తీసుకుంటాం,” అన్నాడు.

“వద్దప్పా. దాన్ని కదిలించొద్దు. ఫైల్లో మీ తరఫు సాక్ష్యం అదొక్కటే,” అన్నాను. టీ గ్లాసు అందుకోలేదు. ముందు ఊరి తరఫున హుసేనమ్మ గడపకు పోయి ఆ తప్పైపోయిందన్న మాట చెప్పి రా, తర్వాత తాగుతానన్నాను. నెలన్నర తర్వాత అదే అంగట్లో ఇద్దరం తాగాం. డబ్బులు అతన్నే ఇవ్వనిచ్చాను.

మెమో నా సర్వీసు రిజిస్టరులో అలాగే ఉంది. తీసెయ్యమని దరఖాస్తు పెట్టుకో, పెన్షన్ కాగితాలప్పుడు ఇబ్బంది అన్నారు తోటివాళ్ళు. పెట్టలేదు. ఆ ఊరి పక్షాన గొంతు పెంచినందుకు వచ్చిన మెమో అది. ఆ రోజు ఆ ఊరి కోసం నేను పదంగలు జరిగి ఉంటే, నంద్యాలలో ఆ ఊరి తరఫున నోరెత్తడానికి నాకు ముఖం ఉండేది కాదు.