తేనె మెడ పుంజు

ఆ రోజుల్లో, అంటే కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలంలో, ఆళ్లగడ్డలో మా ఇంట్లో కోడికూర వండారంటే పండగ వచ్చిందని కాదు, మా అవ్వ అంచనా మళ్లీ తప్పిందని అర్థం. అవ్వ అంటే మా నాయన తల్లి. రుద్రవరం నుంచి కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి కోళ్లను వెంట తెచ్చుకుందట. బూడిద రంగు ఒళ్లు, తేనె రంగు మెడ, వెడల్పాటి రొమ్ము, తల ఎత్తి నిలబడే తీరు. కొక్కెర రోగం తగిలి ఒక్క వేసవిలో అన్నీ పోయాయి. ఆ రంగును మళ్లీ రప్పించాలని ఆమె ఏళ్ల తరబడి ఊరూరి కోళ్లను తెచ్చి జతకట్టించేది. ఎస్సెస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చున్న నేను ఆ పనిలో ఆమెకు జోడీని (కోళ్లయినా పాసవుతాయేమో చూడమని నాయన ఎత్తిపొడిచేవాడు).

పిల్లలు పెరిగి ఈకలు తేలగానే అవ్వ పెళ్లిచూపులకు వచ్చిన అత్తగారిలా వంకలు పెట్టేది. "దీనికి నడుమే లేదు. దాని కాళ్లు సూడు, కొంగ కాళ్లు. ఇది నడుస్తాంటే దొంగ మాదిరుండాది." వంక పడినవన్నీ కూరలోకే. అందుకే మా నాయన గంప దగ్గరకొచ్చి మహా ఆదుర్దాగా అడిగేవాడు, "ఈటి రంగు గూడా తప్పెనా మా?" అని. చివరికి మెడ నిండా తేనె పోసినట్టు ఒక పుంజు తేలింది. నేను ఎగిరి గంతేశాను. నాయన ముఖం మాత్రం వాడిపోయింది. "బాగొచ్చిందంటావా? ఇంగోసారి సూడు మా" అన్నాడు.

ఆ చలికాలంలోనే నంద్యాలలో పశువుల ప్రదర్శన పెట్టి, కోళ్లకూ బహుమతులిస్తామన్నారు. అవ్వ పుంజు కాళ్లు కుంకుడు రసంతో కడిగింది. నేను కొత్త ఓణీ వేసుకున్నాను (పుంజును చూసేవాళ్లు పట్టుకున్న పిల్లను కూడా చూస్తారు కదా!). బస్సు కండక్టరు గంపను పైన వేయించమంటే, "ఈకలు పోతే నీ ఎంటికలు పీకి అతికిస్తావా అప్పా?" అని అవ్వ గంపను ఒళ్లోకి లాక్కుంది. దారిపొడుగునా పుంజు కూసినప్పుడల్లా, ఎవరో దిగుతామంటున్నారనుకుని డ్రైవరు బస్సు ఆపేవాడు.

తీరా చూస్తే అక్కడ అన్నీ పైదేశాల నుంచి తెప్పించిన తెల్లటి సీమకోళ్లే. పశువుల డాక్టరు మా పుంజును ఎత్తి, రొమ్ము తడిమి, "బలే ఉందే! ఏ జాతి?" అన్నాడు.

"మా యమ్మగారింటి జాతి."

"అట్లాంటి జాతి మా లెక్కలో లేదు పెద్దమ్మా" అని దయగానే చెప్పి, నాటుకోళ్ల వరసలో చివర పెట్టించాడు. కప్పు ఒక తెల్లపెట్టకు పోయింది. నా ఓణీని ఎవరూ చూడలేదు.

బయట కానుగ చెట్టు కింద నేను ముక్కు చీదుకుంటూ ఉంటే, అవ్వ పుంజును ఎండకు తిప్పి, మెడ ఈకలు మెల్లగా విప్పి చాలాసేపు చూసింది. "కప్పు యాడన్నా పోనీ మే. ఇది ఆ రంగు గాదు" అంది.

"మరేందవ్వా? ముదురా, లేతా?"

పుంజు మెడ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "గుర్తు లేదు పాపా. మా యమ్మ జొన్నలు సల్లుతాంటే అన్నీ ఉరుక్కుంటా వచ్చేటివి. ఆ ఎండ గుర్తుండాది. మా యమ్మ గాజుల సప్పుడు గుర్తుండాది. రంగే పోయింది." కాసేపటికి కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మీ నాయనకు సెప్పొద్దు. ఈ పొద్దే కోసేస్తాడు" అంది. ఏడుస్తున్నదాన్ని పక్కున నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

ఆ పుంజు ముసలిదై చచ్చేదాకా మా ఇంట్లోనే తిరిగింది. అవ్వ మళ్లీ జతలు కట్టించలేదు. ఇప్పుడు నాది అప్పటి అవ్వ వయసు. బహుమతి రాలేదని అలిగిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. పిచ్చిది, తిరుగు బస్సులో అవ్వ భుజం మీద తల వాల్చి ఆళ్లగడ్డ దాకా నిద్రపోయింది. కాసేపు మేలుకుని, ఆ ఎండ గురించీ ఆ గాజుల గురించీ అవ్వను అడిగి ఉంటే ఏం పోయేదో!